వేలానికి పెట్టిన కానుక

ముసురు పట్టిందంటే నాకు జ్వరం వస్తుంది. టెక్కలిలో కాపురం పెట్టినప్పటి నుంచీ ఇది తప్పిన ఏడాది లేదు. బడి నుంచి ఇంటికి వచ్చి, తడిసిన చెప్పులు గుమ్మం పక్కన విడుస్తుంటే వెన్నులో సన్నగా చలి మొదలవుతుంది. అది నాకు తెలిసిన చలే. దుప్పటి వెతుక్కోవడం, మంచం పక్కన నీళ్ళ చెంబు పెట్టుకోవడం, బడికి సెలవు చీటీ రాసి పంపడం, అన్నీ బట్టలు మడతపెట్టినట్టు వరసగా చేసుకుపోతాను. భయం ఎప్పుడో పోయింది. విసుగు మాత్రం ఏటేటా కొత్తగానే వస్తుంది.

జ్వరం కన్నా జ్వరాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు నన్ను ఎక్కువ అలసగొట్టారు. మా వైపు జబ్బు మనిషిని చూడబోతూ వట్టి చేతులతో వెళ్ళరు. రొట్టె తీసుకువెళతారు, లేకపోతే అరటిపళ్ళు. ఒక ఏడాది మా బడిలో పనిచేసే టీచరు ఒకావిడ తెచ్చిన రొట్టెకి అంచున పచ్చగా బూజు పట్టి ఉంది. చూపిస్తే, "ఆ ముక్క తీసేసి తినండి మేడమ్" అంది. ఇంకో ఏడాది మా హెడ్మాస్టరు భార్య వచ్చి, గుమ్మం దాటకుండా, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మీకు ప్రతి ఏడూ ఇదేనా అండీ" అని అడిగింది. నేను సరదాకి తెచ్చుకుంటున్నట్టు. పక్కింటావిడ ఫ్లాస్కులో పాలు తెచ్చి, నేను తాగడం పూర్తవక ముందే ఫ్లాస్కు కడిగి ఇమ్మంది. ఒళ్ళు కాలిపోతుంటే లేచి వెళ్ళి కడిగాను.

"ఇయన్నీ ఎందుకు గుర్తెట్టుకుంటావే? నీకింకేటీ పన్నేదా?" అంటాడు మా ఆయన. ఆయన పలాస స్టేషనులో రైల్వే ఉద్యోగి. ఎప్పుడు చూసినా డ్యూటీ. గుర్తుపెట్టుకోవడానికి నేనేమీ కష్టపడలేదు. మంచం మీద పడి ఉన్న మనిషికి ఇంటి పైకప్పు, గుమ్మం, గుమ్మంలో నిలబడ్డవాళ్ళ ముఖాలు తప్ప చూడ్డానికి ఏముంటుంది? అవే ఉండిపోయాయి.

వీళ్ళందరిలోకీ వేరు మా అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఉద్దానంలో, సముద్రం హోరు వినిపించే దూరంలో ఉన్న ఊళ్ళో ఆవిడ కాపురం. కొద్దిపాటి కొబ్బరి తోట, నాలుగు జీడిమామిడి చెట్లు, పెరట్లో ఒక పనస. అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. తాను బడి మొహం చూడలేదు. నన్ను మాత్రం మిషను హాస్టల్లో చేర్పించి, టీచరు ట్రైనింగు వరకూ చదివించింది. బావ ఏమీ అనలేదు. అంటే ఆవిడ ఊరుకునేది కూడా కాదు.

ప్రతి ఏడూ నా జ్వరానికి అప్ప వచ్చేది. మా రాకపోకలు ఆగిపోయిన ఏడాది సంగతే ఇక్కడ రాస్తున్నాను. ఆవిడ మళ్ళీ నా గుమ్మం ఎక్కుతుందా, నేను మళ్ళీ ఆవిడ గుమ్మం ఎక్కుతానా అన్నది చాలా కాలం మా ఇద్దరికీ తేలని విషయంగా ఉండిపోయింది.

అప్ప తెచ్చే మూటలో రొట్టె ఉండేది కాదు. "రొట్టె తింటే జొరం ఊరుకుంటాది గానీ పోదు" అనేది. చోడిపిండి, అంటే రాగిపిండి, నెత్తళ్ళనే చిన్న ఎండుచేపలు, ములగాకు, పాత చింతకాయ పచ్చడి, ఒక్కోసారి రెండు కొబ్బరికాయలు ఉండేవి. వచ్చీ రాగానే కొంగు దోపుకుని పొయ్యి దగ్గరికి వెళ్ళేది. చోడి అంబలి కాచి, చల్లార్చి, మజ్జిగ కలిపి, పక్కన ఒక ఉల్లిపాయ చితక్కొట్టి పెట్టేది. జ్వరం నోటికి ఏదీ రుచించదు. ఆ ఉల్లిపాయ ఘాటు మాత్రం ముక్కులోకి వెళ్ళి, నాకింకా నోరు ఉందని గుర్తుచేసేది. నెత్తళ్ళని నూనె లేకుండా పెనం మీద వేపి, నలిపి, వేడన్నంలో కలిపి ముద్ద పెట్టేది. డాక్టరు చేపలు వద్దన్నాడని నేనంటే, "ఆడు సముద్రం సూసినాడేటి?" అనేది.

ఆవిడకి ఇంకొక పద్ధతి ఉండేది. అందరిళ్ళలోనూ జబ్బు మనిషి పడుకుంటే పక్కవాళ్ళు చదివి వినిపిస్తారు. మా ఇంట్లో జబ్బు మనిషే చదవాలి. చిన్నప్పటి నుంచీ అంతే. నాకు ఒళ్ళు కాలితే అప్ప చాప పరిచి, పొయ్యి పక్కన పడుకోబెట్టి, "సదువే. నోరు మూసుకుని పడుకుంటే జొరం నోపల కూకుంటాది" అనేది. ఏది దొరికితే అది చదివేదాన్ని. దావీదు కీర్తనలు, ఉప్పు కట్టిచ్చిన కాగితం, విత్తనాల కంపెనీ కరపత్రం, అట్ట చిరిగిపోయిన వారపత్రికలో సీరియలు. ఆవిడ పుల్లలు ఎగదోస్తూ వినేది. కథ మధ్యలో కాగితం అయిపోతే, "తరవాతేటయిందే?" అని అడిగేది. తెలీదంటే ఊరుకునేది కాదు. అంబలి కలుపుతూ మిగతా కథ తానే కట్టేసేది. ఆవిడ కట్టిన కథల్లో అత్తగార్లకి ఎప్పుడూ కాలు విరిగేది.

పెళ్ళయి టెక్కలి వచ్చాక కూడా అదే నడిచింది. ఆవిడ బస్సు దిగి వస్తుంది, వండుతుంది, నేను పడుకుని చదువుతాను. జ్వరం లేని రోజుల్లో నేను వాళ్ళ ఊరు వెళ్ళినప్పుడు కూడా చదివించుకునేది. బస్సు దిగిన నాకు మంచినీళ్ళు ఇవ్వకముందే ఎక్కడో దాచిన కాగితాలు తెచ్చి ఒళ్ళో పెట్టేది.

ఆ రోజుల్లో వాళ్ళ ఊళ్ళో పెద్దవాళ్ళకి సాయంత్రం బడి పెట్టారు. అప్ప కూడా పలక పట్టుకుని వెళ్ళింది. నాకెంత సంతోషమైందో చెప్పలేను. నేను ఊళ్ళవాళ్ళ పిల్లలకి అక్షరాలు నేర్పుతున్నాను, నన్ను చదివించిన మనిషికి మాత్రం అక్షరం రాదు. ఆ కొరత నా మనసులో ఎప్పుడూ ఉండేది. బడి తరఫున ఏదో ట్రైనింగుకి విశాఖపట్నం వెళ్ళినప్పుడు ఒక పెద్దక్షరాల బైబిలు కొన్నాను. నల్ల తోలు అట్ట, చుట్టూ జిప్పు, కాగితాల అంచుకి బంగారు రంగు. ఆ క్రిస్మస్‌కి అందరూ అప్పలకి చీరలు పెడితే నేను ఆ బైబిలు పెట్టాను. మొదటి పేజీలో "మా అప్పకి, చెల్లి" అని రాసి ఇచ్చాను. "ఇంక నా కోసం చూడక్కర్లేదు అప్పా, నీ అంతట నువ్వే చదువుకో" అన్నాను.

ఆవిడ రెండు చేతులతో తీసుకుంది. పైకీ కిందకీ తిప్పి చూసింది. తుడిచిన దాన్నే మళ్ళీ కొంగుతో తుడిచి, బట్టలో చుట్టి పెట్టెలో పెట్టింది.

"సదువుతున్నావా?" అని ఎప్పుడడిగినా, "సదువుతాన్లే" అనేది. ఆ ఏడాది నాకు ఊపిరాడలేదు. బడి మారింది, కొత్త పాఠాలు వచ్చాయి, ఆదివారం కూడా ఏదో ఒక పని అంటగట్టేవారు. ఉద్దానం బస్సు ఎక్కితే రానూ పోనూ రోజంతా పోతుంది. వెళ్ళడం తగ్గింది. దానికి నన్ను ఎవరూ తప్పుపట్టలేరు.

తర్వాత శీతాకాలం వచ్చింది. అంతకు ముందు పెద్ద గాలివాన వచ్చి వాళ్ళ తోటలో కొబ్బరిచెట్లు నడుములు విరిగి పడ్డాయి. పనస కూడా పోయింది. ఆ కోతల పండక్కి రమ్మని అప్ప కబురు పెట్టింది. సెలవు పెట్టుకుని వెళ్ళాను.

కోతల పండగంటే తెలియనివాళ్ళకి చెప్పాలి. వరి నూర్పిళ్ళు అయ్యాక మా సంఘాల్లో ఒక ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ తమ పంటలో మొదటి భాగం చర్చికి తెస్తారు. వరికంకుల కుచ్చులు, చోళ్ళ మూటలు, గుమ్మడికాయలు, కొబ్బరి గెలలు, చిక్కుడుకాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు. అన్నీ చర్చిలో ప్రభువు బల్ల ముందు పోగుపడతాయి. ప్రసంగం జరుగుతుంటే మధ్యలో కోళ్ళు అరుస్తుంటాయి. ఆరాధన అయ్యాక అవన్నీ ఆవరణలో వేలం వేస్తారు. వచ్చిన డబ్బు సంఘానికి. వేలం అయ్యాక అందరికీ భోజనాలు. పంట లేని ఇంటివాళ్ళు ఇంట్లో ఉన్న వస్తువు ఏదో ఒకటి తెస్తారు. వట్టి చేతులతో మాత్రం ఎవరూ రారు.

అప్ప బట్టలో చుట్టిన మూట పట్టుకుని ముందుకి వెళ్ళడం చూశాను. బియ్యం అనుకున్నాను.

వేలం వేసేది సంఘ పెద్ద ఒకాయన. వారమంతా కొబ్బరికాయల బేరం చేస్తాడు కాబట్టి గొంతు ఉంది. గుమ్మడికాయలు అయ్యాయి, కోళ్ళు అయ్యాయి. తర్వాత ఆయన మూట విప్పి, లోపలి వస్తువు తలపైకి ఎత్తాడు. నల్ల తోలు అట్ట, జిప్పు.

"సూడండి, సూడండి! పెద్దచ్చరాల బైబిలు! అంచు సూడండి, బంగారం! జిప్పు తియ్యనేదండీ, కొత్తోసన కూడా పోనేదు!"

"ఓసన సూసి పాడాలేటి మావా?" అన్నారు వెనక నుంచి ఎవరో.

"నీకు సదువెలాగూ రాదు, ఓసనే సూడు" అన్నాడాయన. అందరూ నవ్వారు. ఆయన జిప్పు లాగి, మొదటి పేజీ తిప్పి, వెలుతురుకి పట్టుకుని పైకి చదివాడు. "'మా అప్పకి, చెల్లి.' ఓలమ్మా, రాత కూడా ఉన్నాది! ఎవరమ్మా ఈ అప్ప? ఎవరమ్మా ఈ సెల్లి?"

ఎవరో అందరికీ తెలుసు. ఆడవాళ్ళ వైపు ఉన్న తలలన్నీ నావైపు తిరిగాయి. ముందు వరసలో ఒకాయన, "సెల్లి అప్పకిచ్చినాది, అప్ప దేవుడికిచ్చినాది, దేవుడు మనకి అమ్ముతున్నాడు. పాడండర్రా!" అన్నాడు. మళ్ళీ నవ్వులు. ఆ నవ్వుల్లో పాట పెరిగింది. చివరికి వ్యాపారి భార్య ఒకావిడ పాడుకుని, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

నేను లేచాను. అప్ప వడ్డన దగ్గర ఆకులు కడుగుతోంది. నన్ను చూసి, "ఏటే, ఎక్కడికి? కూకో, ఏడన్నం తిందువు గాని" అంది. నేను రోడ్డు వైపు నడిచాను. "ఓలె, పండగపూట బోజనం సెయ్యకుండా ఎల్లిపోతావేటే? నలుగురూ ఏటనుకుంటారు?" అని వెనక నుంచి అరిచింది. నలుగురూ ఏమనుకున్నారో నేను అప్పటికే విన్నాను. వెళ్ళి రోడ్డు మీద నిలబడ్డాను. బస్సు చాలా సేపటికి వచ్చింది. వచ్చేవరకూ ఎవరూ నన్ను వెనక్కి పిలవడానికి రాలేదు. అది కూడా నాకు గుర్తుంది.

అక్కడి నుంచి రాకపోకలు ఆగిపోయాయి. ఆవిడ రాలేదు, నేను వెళ్ళలేదు. కానుక ఇచ్చినవాళ్ళ కళ్ళ ముందే ఆ కానుకని వేలం వేయించిందని నా బాధ. పండగ భోజనం కాలదన్ని పోయానని ఆవిడ బాధట. ఆ మాట బావ ద్వారా తెలిసింది.

బావ పొలం కాగితాల పని మీద అప్పుడప్పుడు టెక్కలి ఆఫీసుకి వచ్చేవాడు. ఇదివరకైతే నేరుగా మా ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట వేసుకునేవాడు. ఇప్పుడు వీధిలోనే నిలబడేవాడు.

"మీ అప్ప నిన్నడగమని సెప్పనేదు. నాను అడుగుతున్నాను. ఎలాగున్నావు?"

"బాగున్నానని మా అప్పకి చెప్పమనడం లేదు. నీకు చెప్తున్నాను బావా, బాగున్నాను."

"అలగే. నాను కూడా సెప్పన్లే. అడిగితే సెప్తాను."

"అడుగుతుందా?"

"నోటితో అడగదు. బస్సు దిగి ఇంటికెల్లేసరికి నా మొకం కేసి సూత్తాది. నాను తల ఊపుతాను. పొయ్యి కాడికెల్లిపోతాది." ఆయన చేతిలో గొడుగు అటూ ఇటూ మార్చుకున్నాడు. "మీ ఇద్దరి మద్దె పోస్టుమేను పని నాకొచ్చీసినాది మరదలా. జీతం నేదు, సైకిలు నేదు."

లోపలికి రమ్మన్నాను. రాలేదు. మీ అప్ప ఎక్కని గుమ్మం నేనెక్కితే రాత్రికి కూడు దొరకదన్నాడు.

వానలు మొదలయ్యాయి. నాకు ఎప్పటిలాగే చలి వచ్చింది. ఈసారి మంచం ఎక్కేముందే మా ఆయనతో చెప్పాను. ఉద్దానం బస్సు కండక్టరుకి గానీ, కొబ్బరికాయలవాళ్ళకి గానీ ఈ కబురు చెప్పకూడదని. మా అప్పకి కబుర్లు వెళ్ళే దారులు అవే.

"సెప్తే ఏటవుతాది?" అన్నాడాయన.

"చెప్తే పిలిచినట్టవుతుంది."

ఆయన డ్యూటీకి వెళ్ళేముందు అన్నం వండి, చారు కాచి, మూత పెట్టి వెళ్ళేవాడు. అన్నం అడుగంటేది. చారులో ఉప్పుండేది కాదు, లేకపోతే రెండుసార్లు ఉండేది. నేను కంప్లైంటు చేస్తే, "నాను సిగ్నలు సూసీవోన్నే, సారు సూసీవోన్ని కాను" అనేవాడు. నిజమే, ఆ మనిషిని ఏమనగలం. మంచం పక్కన ఎవరో తెచ్చిన రొట్టె కాగితంలో అలాగే ఉంది. దినపత్రిక మడత విప్పకుండా ఉంది. ఒకసారి నాకు నేనే పైకి చదువుకుందామని మొదలుపెట్టాను. ఖాళీ ఇంట్లో నా గొంతు నాకే ఎవరో పరాయివాళ్ళదిలా వినిపించింది. మానేశాను.

బస్సులు వెళ్తున్న చప్పుడు వినిపించేది. ఏది ఉద్దానం బస్సో ఇంజను చప్పుడుని బట్టి నాకు తెలుసు. అది ఆగినప్పుడల్లా చెవి అటు వెళ్ళేది. ఒళ్ళు తిరిగి పడుకునేదాన్ని. జ్వరం దిగుతోంది, మళ్ళీ ఎక్కుతోంది. కోపం మాత్రం నిలకడగా ఉంది. ఆ రెండిటినీ మొయ్యడానికి ఒక్క ఒంట్లో బలం చాలదని అప్పుడు తెలిసింది. అయినా దింపలేదు. నేనెందుకు దింపాలి?

ఒక మధ్యాహ్నం జల్లు పడుతుంటే వరండాలో నీళ్ళు పిండిన చప్పుడయింది. తల తిప్పి చూశాను. అప్ప నిలబడి చీర కొంగు పిండుకుంటోంది. కాళ్ళ దగ్గర మూట. పైన కప్పిన ప్లాస్టిక్ సంచి మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి.

ఆవిడ పిండిన కొంగునే మళ్ళీ పిండింది.

"నోపలికి రమ్మనవేటే?" అంది.

"తలుపు తీసే ఉంది."

"తలుపు నన్ను పిలుత్తాదేటి?"

"ఎవరు చెప్పారు నాకు జ్వరమని? ఆయనేనా?"

"ఎవురూ సెప్పనేదు. ఆనలు పడతన్నాయి. నీకు జొరం రాదేటి?" చేతులు చీరకి తుడుచుకుని, నేను పిలిచేవరకూ ఆగకుండా లోపలికి వచ్చేసింది. నా నుదుటి మీద చెయ్యి పెట్టలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి వెళ్ళి, చారు గిన్నె మూత తీసి, వాసన చూసి, "ఇదేటిది?" అంది.

"మీ మరిది కాచారు."

"పాపం, ఇది తాగి ఇంకా బతికున్నావంటే నీది గట్టి పేణమే."

నవ్వు వచ్చింది గానీ నవ్వలేదు. ఆవిడ మూట విప్పింది. నీళ్ళు మరిగించి, చోడిపిండి కలిపి, గరిటె తిప్పుతూ కూర్చుంది. నేను మంచం మీద నుంచే అడిగాను.

"బైబిలు ఎందుకు ఇచ్చేశావు?"

"అదిగో. రాగానే అదేనేటే?"

"అదే."

"ఇంట్లో ఉన్నదాన్లో మంచిది తెమ్మన్నారు సర్చి అయ్యగారు. తోట పడిపోనాది. పనస పడిపోనాది. ఇంకేటుంది మంచిది నాకాడ?"

"కోడి ఉంది. నేను చూశాను, పెరట్లో."

"గుడ్లు పొదుగుతన్న కోడే అది. దాన్ని లేపి కాల్లు కట్టీమంటావేటి? దేవుడొప్పుకుంటాడేటి?"

"నేనిచ్చింది ఇచ్చెయ్యడానికి ఒప్పుకున్నాడా?"

"సెడ్డది ఇత్తే నువ్వే తిడుదువు, సెల్లి ఇచ్చినది బాగున్నాదని ఇచ్చినా తిడతన్నావు. నీతో ఏగడం ఎవరి తరమే?"

"బాగుందని నీకెలా తెలుసు? ఒక్కరోజూ తెరవలేదు. జిప్పు తియ్యలేదని సంఘమంతా విన్నారు."

అప్ప గిన్నె దింపింది. నెత్తళ్ళు ఒళ్ళో పోసుకుని తలలు తుంచడం మొదలుపెట్టింది. చేతులు ఆగకుండానే చెప్పింది.

"తీసినాను. తీసి సదివినాను. కూడబలుక్కుని మొదటి వరస సదివినాను. రెండో వరస సదివినాను. మల్లీ ఏసీసినాను జిప్పు."

"చదువు వచ్చిందా నీకు?"

"వచ్చీసినాది."

"వస్తే మూసెయ్యడమేమిటి?"

"నువ్వేటన్నావు ఇచ్చినప్పుడు? ఇంక నా కోసం సూడక్కర్నేదు, నువ్వే సదువుకో అన్నావు. అని ఎల్లినదానివి మల్లీ ఎప్పుడొచ్చినావు? పంటలేసినప్పుడు రానేదు. జీడిపళ్ళప్పుడు రానేదు. గాలివానకి సెట్లన్నీ పడిపోనాయంటే ఉత్తరం రాసినావు. పండగని కబురెడితే వచ్చినావు." ఒక తల తుంచి పక్కన పడేసింది. "నాను సదివీసుకుంటే ఇంక నీకెందుకీ ఊరు? పెట్టె తీసినప్పుడల్లా ఆ పుస్తకం కనిపించీది. కనిపించినప్పుడల్లా నువ్వు రావని గుర్తొచ్చీది. ఇంట్లో అదుంటే నాకు బాగోనేదు. దేవుడికిచ్చీసినాను. ఆయన్నే సదువుకోమను."

నేను లేచి కూర్చున్నాను. బడి మారిందని, సెలవులు దొరకలేదని, ఆ బస్సుకి రోజంతా పోతుందని వరసగా చెప్పాను. గాలివాన తర్వాత రోడ్ల మీద చెట్లు పడి బస్సులు తిరగలేదని కూడా చెప్పాను.

"సెలవు దొరకదేటి? నాను సచ్చినప్పుడు దొరుకుతాదిలే" అంది. తిట్టినట్టు కాదు, చేపల ధర చెప్పినట్టు.

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదని అనుకోవద్దు. ఉంది. మనసులో ఉన్నది ఆవిడ నాకే చెప్పుకుని ఉండొచ్చు. బావతో ఒక ముక్క చెప్పించి ఉండొచ్చు. ఊరందరి ముందు, ఒకాయన చేత నా రాత చదివించి, నవ్వించి తెలియజెయ్యాల్సిన సంగతి కాదు అది. పైగా మా అప్పకి మాట తిప్పడం వచ్చు. చిన్నప్పుడు చిరిగిపోయిన కథలకి ముగింపు కట్టిన మనిషి, తన కథకి కట్టుకోలేదా? అది ఎంతవరకు నిజమో ఈ రోజుకీ నాకు తెలియదు. కానీ ఆ రోజు వాదించడానికి ఒంట్లో శక్తి లేదు.

"తప్పు చేశానని ఒప్పుకో, చాలు" అన్నాను.

"నువ్వు బోజనం వొదిలీసి ఎల్లింది తప్పని ఒప్పుకో, అప్పుడు సూద్దారి."

ఇద్దరం ఒప్పుకోలేదు. అంబలి చల్లారింది. ఉల్లిపాయ చితక్కొట్టి గిన్నె నా చేతికి ఇచ్చింది. తాగాను. తాగకపోతే నాకే నష్టం.

వాన తగ్గలేదు. ఆవిడ కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుని కూర్చుంది. మడత విప్పని దినపత్రిక చూసి, "సదవవేటి?" అంది.

"నీకు వచ్చు కదా. నువ్వే చదువు."

ఎత్తిపొడుపుగానే అన్నాను. ఆవిడ పత్రిక తీసుకుని, కాళ్ళ మీద పరుచుకుని, వేలు పెట్టి మొదలుపెట్టింది. పశువుల సంత గురించి ఏదో వార్త. ఒక్కో అక్షరం దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, ముందుకి వెళ్తోంది. నిజంగానే వచ్చేసింది. వత్తుల దగ్గర మాత్రం తడబడుతోంది. బడిపిల్లలు తడబడే చోటే. నేను నోరు మూసుకుని ఉండాలనే అనుకున్నాను. పదేళ్ళుగా తప్పులు దిద్దుతున్న నోరు ఊరుకోదు.

"అది 'పక్షం' అప్పా. కింద షవత్తు ఉంది."

మళ్ళీ చదివింది. మళ్ళీ తడబడింది. మళ్ళీ దిద్దాను.

"జొరమొచ్చినా నీ టీచరు బుద్ది పోదేటే?" పత్రిక నా మంచం మీదికి విసిరింది. "సదివితే సదవనివ్వవు. సదవకపోతే అలుగుతావు. ఇంద, నువ్వే సదువు."

చదివాను. సంతలో ఎద్దుల ధరలు, కోటబొమ్మాళి దగ్గర లారీ బోల్తా, వర్ష సూచన. ఆవిడ కళ్ళు మూసుకుని వింది. మధ్యలో గురక వినిపించింది. ఆపితే, "ఇంటన్నాను" అంది.

నా జ్వరం పూర్తిగా దిగేవరకూ ఉంది. ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి, వేడన్నం, నలిపిన నెత్తళ్ళు ముందు పెట్టుకుని, "ఒదినా, ఈ ఇంట్లో జొరం ఎప్పుడూ ఉంటే బాగున్ను" అన్నాడు. అది కూడా నేను మరిచిపోలేదు.

ఆవిడ వెళ్ళే రోజు బస్టాండుకి తోడు వెళ్ళాను. కాళ్ళు ఇంకా తేలిపోతున్నాయి. ఉద్దానం బస్సు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. అప్ప కిటికీ పక్కన సీటు పట్టుకుని, ఖాళీ సంచి ఒళ్ళో పెట్టుకుని, బయటికి తల పెట్టింది.

"కోతల పండక్కి వత్తావేటే?"

"రాను."

"మల్లీ వేలంలో ఏటెడతానోననేటి?"

"ఆ సంఘం ముందు నిలబడను. నాకు ఓపిక లేదు."

ఆవిడ కొంచెం సేపు ఎదురుగా ఉన్న అరటిపళ్ళ బండి కేసి చూసింది. కండక్టరు రైట్ అన్నాడు.

"పోనీ, పండగయిపోయినాక రా. ఎవురూ ఉండరు. మనమే ఉంటాం."

"అయిపోయాక వస్తాను" అన్నాను.

"ఏ ఆదివారం?"

"ఆ తర్వాతి ఆదివారం."

బస్సు కదిలింది. "బోజనం సేసి ఎల్లాలి మరి!" అని అరిచింది. ఇంజను రొదలో నా జవాబు ఆవిడకి వినపడి ఉండదు. అప్పటి నుంచీ ఆ సంఘం కోతల పండక్కి నేను వెళ్ళలేదు. ప్రతి ఏడూ ఆ తర్వాతి ఆదివారం వెళ్తున్నాను. చర్చి ఆవరణలో నలిగిన గడ్డి, కోడి ఈకలు ఇంకా ఉంటాయి. వాటిని దాటుకుని నేరుగా ఆవిడ ఇంటికి పోతాను.